మాత్ర మార్చేటప్పుడు మధ్యలో వచ్చే ఖాళీ

ఒక రకం గర్భనిరోధక మాత్ర పడక వేరే రకానికి మారే స్త్రీలలో చాలామంది కొత్త మాత్ర ఎలా పడుతుందోనని భయపడతారు గాని, గర్భం వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉండేది పాత మాత్రకూ కొత్త మాత్రకూ మధ్య మిగిలే ఖాళీ రోజుల్లోనే.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ ప్యాకెట్‌లో 28 మాత్రలుంటాయి. వాటిలో లీవోనార్జెస్ట్రెల్, ఇథినైల్ ఈస్ట్రడయోల్ అనే హార్మోన్లు ఉన్నవి 21 మాత్రమే, మిగిలిన 7 ఇనుము మాత్రలు. హార్మోన్ ఆగగానే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి మళ్లీ చురుకై, అండాశయంలో అండం ఎదిగే చిన్న సంచులు పెరగడం మొదలవుతుంది. ఏడు రోజుల లోపల హార్మోన్ మళ్లీ అందితే ఆ పెరుగుదలకు అడ్డుకట్ట పడుతుంది, అంతకు మించి ఆలస్యమయ్యే ప్రతి రోజూ అండం విడుదలయ్యే అవకాశాన్ని పెంచుతుంది. పాతవి మానేసి, మళ్లీ నెలసరి వచ్చాక కొత్తవి మొదలుపెడదామని ఆగడం అందుకే మంచిది కాదు.

రెండు హార్మోన్లున్న మాత్ర నుంచి అలాంటి మరో మాత్రకు మారేవారు, 21వ హార్మోన్ మాత్ర వేసుకున్న మర్నాడే ఇనుము మాత్రలు వదిలేసి కొత్త ప్యాకెట్ మొదలుపెట్టడం అన్నిటికంటే క్షేమం. పాత మాత్రలు తప్పకుండా వేసుకుని ఉంటే నిరోధ్ అవసరం కూడా రాదు. ఖాళీ ఏడు రోజులు దాటితే మాత్రం, కొత్త మాత్రలు వరుసగా ఏడు రోజులు వేసుకునేదాకా నిరోధ్ వాడి తీరాలి, అండం విడుదలను నమ్మకంగా ఆపడానికి అంత వ్యవధి పడుతుంది.

ప్రొజెస్టిన్ అనే హార్మోన్ ఒక్కటే ఉండే డెసోజెస్ట్రెల్ వంటి మాత్రలు గర్భాశయ ముఖద్వారంలోని స్రావాన్ని రెండు రోజుల్లోనే చిక్కబరుస్తాయి కనుక, ఖాళీ తర్వాత వాటిని మొదలుపెట్టినవారికి సాధారణంగా రెండు రోజుల జాగ్రత్త చాలు. ఛాయ అనే గర్భనిరోధక మాత్ర సంగతి పూర్తిగా వేరు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ మాత్రలో హార్మోన్ లేదు, అది అండం విడుదలనూ ఆపదు. నెలసరి మొదటి రోజున ప్రారంభించి, మూడు నెలలు వారానికి రెండేసి, ఆపైన వారానికొకటి వేసుకోవాలి. పై లెక్కలు దీనికి వర్తించవు కనుక, మారే ముందే ఏఎన్ఎంనో డాక్టరునో అడగాలి.

క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవారికి ఈ ఏడు రోజుల నియమం సరిపోదు. ఆ మందు హార్మోన్లను కాలేయంలో త్వరగా కరిగించేస్తుంది, మానేశాక కూడా నాలుగు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. క్షయ మందులు ఇచ్చే చోటే ఈ మాట ప్రతి స్త్రీకీ చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

ఖాళీ రోజుల్లో రక్షణ లేకుండా కలయిక జరిగి ఉంటే 72 గంటల లోపు, వీలైనంత త్వరగా, అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవాలి, మూడు వారాల తర్వాత మూత్ర పరీక్ష చేయించుకోవాలి.