శిమిలిగుడ స్టేషన్: ఖనిజం కోసం పుట్టి, డివిజన్ల మధ్య చిక్కి

విశాఖలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసింజర్ శృంగవరపుకోట దాటాక కొండెక్కడం మొదలుపెడుతుంది. సొరంగం తర్వాత సొరంగం. బొర్రా గుహలు దాటాక, అరకు రాకముందే శిమిలిగుడ వస్తుంది. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. కశ్మీర్ లోయలో పట్టాలు పడేదాకా దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా దీనికే పేరు. ఈ చిన్న స్టేషన్ ఒడిశాలోని రాయగడ రైల్వే డివిజన్ పద్దులోకి ఎందుకు వెళ్తోందో తెలియాలంటే 1960 నుంచి చెప్పుకోవాలి.

ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్ ఉక్కు కంపెనీలకు అమ్మడానికి ఒప్పందం కుదిరింది అప్పుడే. గనులు బస్తర్ అడవుల్లో, ఓడరేవు విశాఖలో, మధ్యలో తూర్పు కనుమలు. ఆ కనుమలను తొలిచి కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. మొత్తం 58 సొరంగాలు. ఘాట్‌లో 60 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కేంత వాలు. పని చేసినవాళ్ల కష్టం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. సింగిల్ లైను కావడంతో ఎదురొచ్చే ఖనిజం గూడ్సు బండికి దారివ్వడానికి అక్కడక్కడా స్టేషన్లు కావాల్సి వచ్చింది. చిమిడిపల్లి, కరకవలస, శిమిలిగుడ వెలిసింది ప్రధానంగా ఈ క్రాసింగుల కోసమే. ఆ తర్వాతే అవి చుట్టుపక్కల గిరిజనులకు సంతకూ ఆస్పత్రికీ వెళ్లే దారి అయ్యాయి. 2017లో అద్దాల పెట్టె (విస్టాడోమ్ బోగీ) వచ్చాక టూరిస్టులూ పెరిగారు.

లైను విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు డివిజన్‌ది. 2003లో ఆ డివిజన్ భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు కోస్తా రైల్వే జోన్‌లోకి వెళ్లింది. విశాఖ కేంద్రంగా జోన్ కావాలన్న పాత కోరికకు 2019 ఫిబ్రవరిలో ప్రకటన దొరికింది, కానీ దాంతోపాటే రాయగడ డివిజన్ కూడా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ వాల్తేరును విడదీసింది. సుమారు 410 కిలోమీటర్లు విశాఖ డివిజన్‌కు, ఈ లైనులోని కొత్తవలస–బచేలి భాగంతో కలిపి సుమారు 680 కిలోమీటర్లు రాయగడకు. ఖనిజం రవాణా మీద వచ్చే ఆదాయం కూడా లైనుతోపాటే పోతుంది.

నా బాధ ఆదాయం ఒక్కదాని గురించే కాదు. శిమిలిగుడ అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. అక్కడివాళ్ల ఆస్పత్రి, కాలేజీ, బజారు చాలావరకు విశాఖలోనే. వానాకాలంలో ఘాట్‌లో బండరాళ్లు జారి పాసింజర్ ఆగిపోతే వాళ్లు అర్జీ పెట్టుకోవాల్సింది మాత్రం రాయగడలో. అందుకే కనీసం అరకు వరకైనా లైనును విశాఖ డివిజన్‌లో ఉంచమని అడుగుతున్నారు.