‘అక్రెడిటేషన్ ఉన్న ప్లానే కాదంటే ఇంక చేసేదేముంది?’: అపోహలు - వాస్తవాలు

"అక్కా, పెద్ద కంపెనీ కదా, అక్రెడిటేషన్ కూడా ఉంది. వాళ్లే కాదన్నారంటే ఇంక మనం చేసేదేముంది?"

హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాన్ ఏదైనా వైద్యానికి డబ్బు ఇవ్వనని లెటర్ పంపితే మనవాళ్లు అనేది ఇదే. ఈ మాట వినని నెల లేదు నాకు. అమెరికాలో ఒక హెల్త్ ప్లాన్ క్వాలిటీ విభాగంలో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. ప్లాన్ల పనితీరు చూసి అక్రెడిటేషన్, అంటే నాణ్యత గుర్తింపు, ఇచ్చే సంస్థ ఎన్‌సీక్యూఏ. వాళ్ల సర్వేకి, అంటే తనిఖీకి, ఫైళ్లు సిద్ధం చేయడం, వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడం నా ఉద్యోగం. డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకి ఆ సంగతి తెలుసు. అందుకే ఇన్సూరెన్స్ నుంచి లెటర్ వస్తే ముందు నాకు వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. ఆ ఫొటోలు చూసీ చూసీ ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ పైన చెప్పిందే. అక్రెడిటేషన్ ఉంది కాబట్టి వాళ్ల నిర్ణయం కరెక్టే అయి ఉంటుందని నమ్మి, లెటర్‌ని సొరుగులో పడేయడం.

మీ ఎంఆర్ఐకి డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది ఎన్‌సీక్యూఏ తేల్చదు. ఆ నిర్ణయం ఎలా తీసుకున్నారన్నది చూస్తుంది. వైద్యపరంగా అవసరం లేదని కాదన్నది తగిన అర్హత ఉన్న వైద్యులేనా? గడువులోపు చెప్పారా? కారణం మామూలు మనిషికి అర్థమయ్యేలా రాశారా? ఏ క్రైటీరియా ప్రకారం కాదన్నారో లెటర్‌లో ఉందా, దాని కాపీ అడిగితే ఇస్తామని రాశారా? అప్పీల్ ఎలా చేసుకోవాలో చెప్పారా? అప్పీల్ వచ్చాక దాన్ని చూసింది మొదట కాదన్న వ్యక్తి కాకుండా, ఆ వ్యక్తి కింద పని చేసేవాళ్లు కూడా కాకుండా, వేరే డాక్టరేనా? ఆ డాక్టర్‌ది అదే స్పెషాలిటీయో, దానికి దగ్గరదో అయి ఉందా?

మొదటి నిర్ణయంలో తప్పు దొర్లుతుందని తెలిసే కదా ఇన్ని రూల్స్ పెట్టింది! అక్రెడిటేషన్ ఉన్న ప్లాన్‌లో మీకు దొరికే గట్టి లాభం ఈ అప్పీల్ దారే. దాన్ని వాడకుండా "వాళ్లే కాదన్నారు" అని కూర్చుంటే ఎలా?

ఫైళ్ల రివ్యూ ఎలా జరుగుతుందో చెబితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. డినై చేసిన, అంటే కాదన్న, కేసుల జాబితా నుంచి 30 ఫైళ్లు ఎంపిక చేస్తారు. మొదట 8 చూస్తారు. ఎనిమిదీ సరిగ్గా ఉంటే అక్కడితో సరి. ఒక్కటి తేడా వచ్చినా మిగతా 22 తెరవాల్సిందే. ఒకసారి మా ఐదో ఫైల్ దగ్గర సర్వేయర్ ఆగారు. గడువు తప్పలేదు, డాక్టర్ సంతకం ఉంది, అప్పీల్ పేజీ ఉంది. కానీ కారణం రాసిన వాక్యం మొత్తం డాక్టర్ల భాష. ఆవిడ దాన్ని పైకి చదివి, "ఇది చదివితే పేషెంట్‌కి ఏం పంపాలో తెలుస్తుందా?" అని అడిగారు. గదిలో ఎవరం మాట్లాడలేదు. తెలియదు మరి. మిగతా 22 తెరిచాం. ఆ వారమే లెటర్ నమూనా మొత్తం తిరగరాశాం.

ఆ ఒక్క వాక్యానికి ఎంత విలువ ఉందో తర్వాత ఇంకోచోట చూశాను. తెలిసిన తమ్ముడు ఒకడు, భార్యకి నడుం నొప్పి. ఎంఆర్ఐ అడిగితే వాళ్ల ప్లాన్ డినై చేసింది. ఆ అమ్మాయి నాలుగు నెలలు నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చింది, చంటిపిల్లని ఎత్తుకోలేక ఏడ్చేది. ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో ఆ మాట నా చెవిన పడింది. లెటర్ ఏదని అడిగితే వంటింటి సొరుగులో కరెంటు బిల్లుల కింద నుంచి తీశారు. రెండో పేజీలో స్పష్టంగా ఉంది: ఆరు వారాలు ఫిజియోథెరపీ చేయించినట్టు రికార్డు మాకు అందలేదు, అని. ఆ అమ్మాయి ఎనిమిది వారాలు చేయించుకుంది! థెరపీ సెంటర్ కాగితాలు డాక్టర్ ఆఫీసు నుంచి వెళ్లలేదు, అంతే. వాటిని జత చేసి అప్పీల్ పంపాం. పందొమ్మిదో రోజున అప్రూవల్ వచ్చింది. నాలుగు నెలల బాధకి కారణం ఎవరూ రెండో పేజీ తిప్పకపోవడం. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. పరాయి దేశంలో, ఇన్సూరెన్స్ కంపెనీ లెటర్ హెడ్ చూడగానే టెన్షన్‌తో సగం మందికి కళ్లు మసకబారతాయి.

వాళ్ల ఇంట్లోనే కాదు. జనం సొంతంగా ప్లాన్లు కొనుక్కునే గవర్నమెంట్ వెబ్‌సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్. దీన్నే మార్కెట్‌ప్లేస్ అంటారు. అక్కడి ప్లాన్ల లెక్కలు తీసి, ఆరోగ్య విధానాల మీద పరిశోధన చేసే కేఎఫ్ఎఫ్ సంస్థ ఏటా విశ్లేషిస్తుంది. డినై అయిన క్లెయిముల్లో నూటికి ఒకటి కూడా అప్పీల్‌కి వెళ్లడం లేదని అందులో తేలింది.

కాబట్టి గడువులు రాసిపెట్టుకోండి. ఉద్యోగం ద్వారా వచ్చిన ప్లాన్‌కైనా, మార్కెట్‌ప్లేస్ ప్లాన్‌కైనా, డినయల్ నోటీసు అందాక అప్పీల్‌కి మీకు 180 రోజులు ఉంటాయి. ఇంకా చేయించుకోని వైద్యం గురించి అయితే ప్లాన్ 30 రోజుల్లో జవాబివ్వాలి. చేయించుకున్నాక వచ్చిన బిల్లు అయితే 60 రోజులు. ప్రాణం మీదకి వచ్చే అర్జెంట్ కేసుకి 72 గంటలే. అక్కడా కాదంటే, వైద్య అవసరం మీద తేడా వచ్చిన కేసుల్లో బయటి సంస్థతో రివ్యూ అడగొచ్చు. దానికి నాలుగు నెలల టైమ్. పెద్ద ఐటీ కంపెనీల్లో పని చేసేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. మీ కార్డు మీద పేరు ఇన్సూరెన్స్ కంపెనీదే అయినా, చాలాచోట్ల డబ్బు పెట్టేది మీ కంపెనీయే. ఏవి కవర్ చేయాలన్నది కూడా మీ కంపెనీయే నిర్ణయిస్తుంది. ఒక వైద్యం అసలు ప్లాన్‌లోనే లేకపోతే ఎన్‌సీక్యూఏ ముద్ర దాన్ని తెచ్చిపెట్టదు. అప్పుడు అడగాల్సింది హెచ్‌ఆర్‌ని.

ఇక మిగతా అపోహలు, గబగబా.

"ఇది గవర్నమెంట్ ఇచ్చేది." కాదు. ఎన్‌సీక్యూఏ 1990లో పెట్టిన లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థ. అక్రెడిటేషన్ ఇచ్చే సంస్థలు యూఆర్‌ఏసీ లాంటివి ఇంకా ఉన్నాయి. మార్కెట్‌ప్లేస్‌లో అమ్మే ప్లాన్లకి అక్రెడిటేషన్ ఉండాలని చట్టం అడుగుతుంది, కానీ ఇచ్చేది గవర్నమెంట్ కాదు.

"డబ్బు కడితే ఇచ్చేస్తారు." ఫీజు కట్టే మాట నిజం. కానీ మేం పంపే హెడిస్ లెక్కల్ని, అంటే సభ్యుల్లో ఎంతమందికి అవసరమైన పరీక్షలు, వైద్యం అందాయో చెప్పే లెక్కల్ని, బయటి ఆడిటర్లు తనిఖీ చేస్తారు. సభ్యుల అభిప్రాయాల సర్వే, అదే క్యాప్స్, మేం చేయకూడదు, సర్టిఫై అయిన వేరే సంస్థే చేయాలి. స్టాండర్డ్స్‌లో ఒక్కో విభాగంలో కనీసం 80 శాతం పాయింట్లు రావాలి. సర్వే చేసినవాళ్లే ఫలితం ఇవ్వరు, దానికి వేరే కమిటీ ఉంటుంది. డబ్బుతో అయిపోయేదైతే ఫిబ్రవరి నుంచి మే దాకా మా టీమ్, హైదరాబాద్‌లో చార్టులు, అంటే పేషెంట్ల రికార్డులు, చూసే పిల్లలు రాత్రింబగళ్లు కూర్చోనక్కర్లేదు. జూన్ 15కి లెక్కలు వెళ్లేదాకా మాకు పండగా లేదు, పబ్బమూ లేదు.

"ఒకసారి వస్తే ఎప్పటికీ ఉంటుంది." మూడేళ్లే. రెన్యువల్‌కి వెనక్కి 24 నెలల పని చూస్తారు. చివరి నెలలో కాగితాలు సర్దితే కుదరదు. మధ్యలో ఏటా హెడిస్, క్యాప్స్ ఇస్తూనే ఉండాలి.

"కంపెనీకి ఉంది కాబట్టి నా ప్లాన్‌కీ ఉంటుంది." ఇక్కడ చాలామంది పొరపడతారు. అక్రెడిటేషన్ బ్రాండ్‌కి మొత్తంగా రాదు. కమర్షియల్ (ఉద్యోగం ద్వారా వచ్చేవి లాంటివి), మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకి), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి), మార్కెట్‌ప్లేస్ దేనికది వేరు. ఒక రాష్ట్రంలో ఉన్నది పక్క రాష్ట్రంలో లేకపోవచ్చు. ఎన్‌సీక్యూఏ వెబ్‌సైట్‌లో రిపోర్ట్ కార్డులు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. కార్డు మీది పూర్తి పేరుతో, మీ రాష్ట్రం పెట్టి వెతకండి. ప్లాన్లకి ఇచ్చే స్టార్ రేటింగులు కూడా కలగాపులగం చేయకండి. మెడికేర్ స్టార్లు ఆ పథకాన్ని నడిపే గవర్నమెంట్ ఏజెన్సీ సీఎంఎస్ ఇచ్చేవి, ఎన్‌సీక్యూఏ రేటింగ్ వేరు.

అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్లకి ఒక మాట. విజిటర్ ఇన్సూరెన్స్ ప్రకటనలో "A రేటింగ్" అని కనిపిస్తే దాన్ని అక్రెడిటేషన్ అనుకోకండి. అది చాలాసార్లు ఏఎం బెస్ట్ రేటింగ్ అయి ఉంటుంది. కంపెనీ ఆర్థికంగా ఎంత గట్టిగా ఉందో చెబుతుంది, అంతే. మీ నాన్నగారి పాత గుండె జబ్బుకి డబ్బిస్తారా లేదా అన్నది పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బుల గురించి రాసిన పేరాలో ఉంటుంది. టికెట్ బుక్ చేసేముందే అది చదవండి.

గ్రీన్ కార్డుతో వచ్చి ఇక్కడి ప్లాన్ తీసుకున్న అమ్మలకి మామోగ్రామ్ చేయించుకోమనో, బీపీ చూపించుకోమనో ఫోన్లు వస్తాయి. స్కామ్ అనుకుని కట్ చేయిస్తున్నారు పిల్లలు. అనుమానం రావడం న్యాయమే, ఫోన్‌లో వివరాలేవీ చెప్పకండి. కానీ ఆ ఫోన్ హెడిస్ కోసం ప్లాన్ చేయించిందే కావచ్చు. పెట్టేసి, కార్డు వెనక ఉన్న నంబర్‌కి మీరే చేసి, అమ్మకి ఏ పరీక్షలు బాకీ ఉన్నాయో అడగండి. చెబుతారు, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే లైన్‌లోకి తెస్తారు.