గంట ఫ్లైటే కదండీ అంటారు!

రాజమండ్రిలో టికెట్లు తీయడం నా పని. వారానికి ఒక్కరైనా ఫోన్లో లెక్క వేసుకుని మరీ వస్తారు. "శంషాబాద్ 360 కిలోమీటర్లేనండీ, ముప్పావుగంట చాలు. దాని వెనకాలే దుబాయ్ ఫ్లైట్ తీసేయండి."

అపోహ: దూరాన్ని స్పీడుతో భాగిస్తే టైము వచ్చేస్తుంది.

వాస్తవం: ఆ 360 మ్యాపు మీద సూటిగా గీసిన గీత. ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల దాకా వెళ్తుంది, నిజమే. కానీ పైకి ఎక్కి కుదురుకున్నాక. టికెట్ మీద వేసే టైములో మధురపూడిలో, అదే రాజమండ్రి ఎయిర్‌పోర్టులో, విమానం ఆగి ఉన్న చోటు నుంచి కదిలిన దగ్గర్నుంచి శంషాబాద్‌లో మళ్లీ ఆగేదాకా అంతా ఉంటుంది. పైన ట్రాఫిక్ ఉంటే చక్కర్లు కొట్టడం కూడా అందులోదే. అందుకే గంట పైనే వేస్తారు. మీకు మాత్రం లగేజీ చేతికొచ్చేదాకా ప్రయాణం అయిపోయినట్టు కాదు.

ఇక్కడే జనం మునిగిపోతున్నారు. అమలాపురం వైపు కుర్రాడొకడు, దుబాయ్‌లో కొత్త ఉద్యోగం. డబ్బు కలిసొస్తుందని వాళ్ల బావ రెండు టికెట్లు విడివిడిగా తీశాడు. 8:20కి శంషాబాద్‌లో దిగడం, 10:20కి దుబాయ్ ఫ్లైట్. రెండు గంటలు ఉంది కదా అని ధైర్యం. మొదటిది అరగంట లేటు. తాడు కట్టిన ఆవకాయ డబ్బా బెల్టు మీదకి వచ్చేసరికి 9:15. బయటికొచ్చి, పైకెక్కి, కౌంటర్ దగ్గరికి పరిగెత్తేసరికి 9:30. ఇంటర్నేషనల్ కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు. విమానం ఇంకా అక్కడే ఉంది, వీడు ఎక్కలేడు. రెండో టికెట్ డబ్బు పోయింది. పాపం, డబ్బా పట్టుకుని అక్కడి నుంచే నాకు ఫోన్ చేశాడు.

రెండూ ఒకే పీఎన్ఆర్‌లో, అంటే ఒకే బుకింగ్‌లో ఉండుంటే తర్వాతి ఫ్లైట్ ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. విడిగా తీస్తే మొదటి ఫ్లైట్ లేటుతో రెండో వాళ్లకి సంబంధం లేదు. అలా తీసుకోక తప్పదంటే కనీసం ఐదారు గంటలు వదలండి. ఇంకా మంచిది, ముందురోజే వెళ్లి చుట్టాలింట్లో పడుకోండి.

"పైలట్ స్పీడు పెంచి లేటు కవర్ చేస్తాడు" అంటారు. కాస్త చేస్తాడు, అరగంట మాత్రం కాదు.

దూరం మారదు కాబట్టి టైమూ మారదన్నది ఇంకొకటి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలం మూసేశాక ఢిల్లీ నుంచి యూరప్ వెళ్లే మన విమానాలు చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఢిల్లీ, లండన్ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇక హైదరాబాద్-దుబాయ్. దాదాపు 2,550 కిలోమీటర్లు. టికెట్ చూస్తే పోను రెండున్నర గంటలు, రాను ఐదు! ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు, తేడా గంటన్నర. నిజానికి పోయేటప్పుడే నాలుగు గంటల దాకా పడుతుంది, ఎదురుగాలి. వచ్చేటప్పుడు మూడున్నర.

ఇది తెలియక ఒకావిడ రాత్రి ఒంటిగంట నలభైకి ఫోన్. "మావాడు దుబాయ్‌లో పదింటికి ఎక్కానన్నాడు బాబూ, మూడున్నర గంటలే అన్నావు. ఇంకా దిగలేదంట." గొంతు వణుకుతోంది. "వాళ్ల పది మన పదకొండున్నర అమ్మా. మూడింటికి దిగుతాడు, పడుకోండి" అన్నాను. మూడుంబావుకి మళ్లీ మోగింది.

"దిగాడు బాబూ. ఇక నువ్వు పడుకో."