చెక్కు అందిందా అని అడిగితే

2018 మే 10న హుజూరాబాద్ దగ్గర తెలంగాణ ప్రభుత్వం రైతులకిచ్చే పెట్టుబడి సాయం, రైతుబంధు మొదలైంది. ఎకరాకు, పంటకు 4,000 రూపాయలు. రాష్ట్రం మొత్తం మీద 57 లక్షల మంది రైతులు. డబ్బు హైదరాబాద్‌లో మంజూరు కావడం ఒక ఎత్తు, పాసుపుస్తకం పట్టుకుని ఎండలో లైను కట్టిన మనిషి చేతికి చెక్కు రావడం ఇంకో ఎత్తు.

ఆ పంపిణీ వెనక ఒక ప్రయోగం కూడా నడిచింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్, జెఫ్రీ వీవర్ అనే ఆర్థికవేత్తలు కొన్ని మండలాలను లాటరీ పద్ధతిలో ఎంచుకున్నారు. అక్కడి వ్యవసాయాధికారులకు వెళ్లిన కబురు ఒక్కటే: పంపిణీ ఎలా జరిగిందో రైతులకే ఫోన్ చేసి కనుక్కుంటాం. మిగతా మండలాలకు ఆ కబురు వెళ్లలేదు.

లాటరీ ఎందుకంటే, చురుకైన వ్యవసాయాధికారి ఉన్న మండలాలనే ఎంచుకుంటే పని బాగా జరిగింది ఫోన్ వల్లనా, ఆ సారు వల్లనా తేలదు. చీటీ తీస్తే చురుకువాళ్లూ బద్ధకస్తులూ రెండు వైపులా ఇంచుమించు సమానంగా పడతారు. అప్పుడు తేడా కనిపిస్తే అది ఫోన్ మహిమే.

కబురు వెళ్లిన మండలాల్లో డబ్బు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇది మొత్తం రైతుల్లో శాతం కాదు. వందమందికి అందకుండా పోయే చోట ఇప్పుడు తొంభై ఇద్దరికి అందలేదు, అంతే. ఈ మాత్రానికా ఇంత హడావిడి అని నాకూ అనిపించింది, ఖర్చు చూసేదాకా. రైతులకు అదనంగా చేరిన ప్రతి 100 రూపాయలకు ఆ ఫోన్ల ఖర్చు 3 రూపాయల 60 పైసలు.

ఇదే బృందంలో ముగ్గురు ఉమ్మడి రాష్ట్రంలో ఇంకా పెద్ద పని చేశారు. ఉపాధి హామీ కూలీని, పింఛన్లను వేలిముద్ర స్మార్ట్‌కార్డుల మీద ఇచ్చే పద్ధతిని ఆదిలాబాద్, ఖమ్మంతో కలిపి 8 జిల్లాల్లోని 157 మండలాల్లో ఇలాగే పరీక్షించారు. కూలి డబ్బు త్వరగా చేతికొచ్చింది, మధ్యలో మాయమయ్యేది తగ్గింది. అయినా ఒక దశలో ప్రభుత్వం దీన్ని ఆపేద్దామా అనుకుంది. పైదాకా వెళ్లినవి ఎక్కువగా ఫిర్యాదులే మరి! పై రాబడి పోయినవాళ్లకు నాయకుల ఇంటి దారి బాగా తెలుసు. కూలి డబ్బు తొందరగా తీసుకుని ఇంటికెళ్లిన ఆమె, బాగుందని చెప్పడానికి ఎవరి గుమ్మమూ ఎక్కదు. సర్వేవాళ్లే వెళ్లి అడిగితే పదిమందిలో తొమ్మిది మందికి పైగా కార్డే నయమన్నారు. పథకం కొనసాగడానికి ఆ అంకె తోడైంది.

రైతుబంధు ఫోన్లు మాత్రం జాబితాలో ఉన్నవాళ్లకే వెళ్లాయి. జాబితాలో ఉన్నది పట్టాదారులు. అదే చెల్కలో పత్తి పెట్టిన కౌలు రైతుకు ఫోన్ చేసి, నీకు అందిందా అని అడిగే పనే పడలేదు.