అరటిపెట్టె చెప్పే దిగుమతి లెక్క

పదో తరగతి చదివే ఒక అమ్మాయి నాకు ఇలా రాసింది: "ఈక్వడార్‌లో బోలెడు అడవులున్నాయని మా పాఠంలో ఉంది. మరి ప్యాకింగ్ కాగితం బయటి నుంచి ఎందుకు కొంటుంది?" ఎంత మంచి ప్రశ్న! ఎగుమతులు, దిగుమతుల జాబితాలు బట్టీ పట్టించే మన భూగోళ పాఠాల్లో ఈ 'ఎందుకు' ఎప్పుడూ రాదు.

జవాబు అరటిపెట్టెలో ఉంది. 1950ల వరకు అరటిపండ్లు గెలలుగానే ఓడ ఎక్కేవి. అప్పటి గ్రో మిషెల్ రకానికి తోలు మందం. పనామా తెగులు ఆ తోటలను తుడిచిపెట్టాక వచ్చిన కావెండిష్ రకం చిన్న దెబ్బకే నల్లబడుతుంది. అందుకే 1960 ప్రాంతంలో గెల పోయి అట్టపెట్టె వచ్చింది. పెట్టెకు 18 కిలోల పండు. ఈక్వడార్ ఏటా 60 లక్షల టన్నులకు మించి ఎగుమతి చేస్తుంది కాబట్టి 33 కోట్ల పెట్టెలు కావాలి. ఒక్కోదానికి కిలోకు పైగా కాగితం పట్టినా మూడు లక్షల టన్నులు దాటుతుంది.

ఆ కాగితం ఏదో ఒకటి అయితే చాలదు. గడ్డివామిని చూడండి. పొడవాటి వరిగడ్డి ఒకదానిలో ఒకటి పెనవేసుకుని నిటారుగా నిలుస్తుంది. అదే ఊకను పోస్తే జారిపోతుంది. కాగితమూ వామి లాంటిదే. పైన్ చెట్టు పీచు సుమారు 3 మిల్లీమీటర్లు, ఈక్వడార్ అడవుల్లో కనిపించే ఉష్ణమండలపు వెడల్పాకు చెట్లది దాదాపు ఒక మిల్లీమీటరు. పొడవాటి పీచు ఎక్కువ పీచులను తాకుతుంది. తాకిన ప్రతిచోటా, పీచుకు మూలపదార్థమైన సెల్యులోజ్ అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. వాటి బద్ధశత్రువు నీరు. వాన పడిన వామి కుంగినట్టే, గాలిలో తేమ 50 శాతం నుంచి 90 శాతానికి పెరిగితే పెట్టె మోసే బలం దాదాపు సగం పోతుంది. అరటి ప్రయాణించే గది సరిగ్గా అలాంటిదే: 13, 14 డిగ్రీల చలి, 90 శాతం దాటిన తేమ, యూరప్ దాకా రెండు మూడు వారాలు. ఎనిమిది వరుసలు పేర్చితే అట్టడుగు పెట్టె మీద పండు బరువే 126 కిలోలు!

దీన్ని తట్టుకునేది క్రాఫ్ట్ కాగితం. జర్మన్‌లో ఆ మాటకు 'బలం' అని అర్థం. 1879లో కార్ల్ దాల్ కనిపెట్టిన పద్ధతి కలపను క్షారంలో, సల్ఫైడ్‌లో ఉడికించి పీచులను అతికించి ఉంచే జిగురు లాంటి లిగ్నిన్‌ను కరిగిస్తుంది, పీచును మాత్రం పెద్దగా దెబ్బతీయదు. ఈక్వడార్‌లో అరటికి చెల్లెలైన అబకా పండుతుంది, దాని పీచు పైన్‌ను మించినది. కానీ అది ఖరీదైనది, టీ సంచుల వంటి ప్రత్యేక కాగితాలకే పోతుంది. కాబట్టి అమెరికా దక్షిణ రాష్ట్రాల పైన్ కాగితం చుట్టలుగా వచ్చి, పెట్టెలై, పండ్లతో తిరిగి వెళ్లిపోతుంది. దిగుమతి అంటే నష్టమేనన్న మూఢనమ్మకం మనలో బలంగా ఉంది. ఇక్కడ దిగుమతి పెరిగిందంటే ఎగుమతి పెరిగిందన్నమాట.

చైనా కథ వేరు. బట్టలు, బొమ్మలు, టీవీలు పొడి సరుకు. వాటికి పాత అట్టల నుంచి తీసిన కాగితం సరిపోతుంది. అలా మళ్లీ వాడే పీచు ఆరిన ప్రతిసారీ లోపలి సూక్ష్మరంధ్రాలు మూసుకుంటాయి, మళ్లీ నీళ్లలో నానినా పూర్తిగా ఉబ్బదు, పక్క పీచుకు సరిగా అతుక్కోదు. పశువులు తొక్కిన గడ్డి అనుకోండి. అయినా పొడి సరుకును మోస్తుంది. 2016లో చైనా సుమారు 2.8 కోట్ల టన్నుల పాత కాగితం కొన్నది. 2018లో ఆంక్షలు మొదలై, 2021 జనవరి 1 నుంచి వ్యర్థాల దిగుమతి పూర్తిగా నిలిచింది. దిగుమతి పట్టికలో పాత కాగితం వరుసలో అంకె సున్నా అయ్యేసరికి ప్యాకింగ్ కాగితం, పాత అట్టల గుజ్జు వరుసల్లో అంకెలు ఎగిశాయి. చైనావాళ్లు ఒక్కసారిగా ఎక్కువ సరుకు చుట్టడం మొదలుపెట్టలేదు. అదే పీచు మలేషియా వంటి చోట్ల శుభ్రపడి, మరో పేరుతో సరిహద్దు దాటింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1961 నుంచి ఈ అంకెలను దేశాలవారీగా ఇస్తోంది. చుట్టే కాగితం వరుస ఒక్కటే చూసి దేశాలను పోల్చేవారు ఇక్కడే బోల్తా పడతారు. పాత కాగితం, గుజ్జు, చుట్టే కాగితం, మూడు వరుసలూ పక్కపక్కన పెట్టుకోవాలి.

అలా పెట్టుకుంటే మన దేశం చైనా పాత దారిలో కనిపిస్తుంది. మన అట్ట మిల్లులు అమెరికా పాత పెట్టెలను ఇష్టంగా కొంటాయి. ఎందుకంటే వాటిలో, ఇంకా ఎక్కువసార్లు నలగని పైన్ పీచు ఉంటుంది.