బంతి ఎక్కడ వాలాలి?

చిరంజీవులైన పిల్లలకు,

"తాతయ్యా, నిండుగా కొడితే బంతి గ్రీన్ దాటిపోతోంది, మెల్లగా కొడితే సగం దారిలోనే ఆగిపోతోంది, ఏం చెయ్యాలి?" అని గోల్ఫ్ ఆడుతూ మీలో ఒకరు అడిగారు. (గ్రీన్ అంటే గుంట చుట్టూ పొట్టిగా కత్తిరించిన పచ్చిక.) ఆటగాడి సంచిలో క్లబ్బులు, అంటే బంతిని కొట్టే కర్రలు, 14కు మించి ఉండకూడదని నియమం. ప్రతి దూరానికీ ఒక క్లబ్బు పెట్టుకోలేము కనుక, ఒకే క్లబ్బుతో పలు దూరాలు రాబట్టడం నేర్చుకోక తప్పదు.

ఉయ్యాలను చూడండి. కొద్దిగా వెనక్కి లాగి వదిలితే కొద్ది దూరం పోతుంది, ఇంకా లాగితే ఇంకా పోతుంది; కాని పోయి రావడానికి పట్టే సమయం దాదాపు ఒక్కటే. చిన్నప్పుడు మా చెల్లెల్ని ఊపుతూ పాట పాడేవాణ్ణి. ఊపు పెద్దదైనా చిన్నదైనా పాట తాళం తప్పేది కాదు, అది నాకెంత వింతగా ఉండేదో! మధ్యలో ఎవరైనా తాడు పట్టుకుంటే మాత్రం ఉయ్యాల మెలితిరిగి పక్కకు పోయేది. మీ చేతిలోని వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపి దగ్గరి దూరాలకు కొట్టే క్లబ్బు) కూడా అంతే. దాన్ని పెద్దగా వెనక్కి ఎత్తి, బంతి దగ్గరకు వచ్చేసరికి భయపడి వేగం తగ్గించారంటే తాడు పట్టుకున్నట్టే: ఒళ్లు తిరగడం ఆగిపోతుంది, మణికట్టు తొందరపడుతుంది, క్లబ్బు తల బంతికంటే ముందే నేలను తవ్వుతుంది, లేదా బంతి నెత్తిన తగులుతుంది. తగ్గించవలసింది వెనక్కి ఎత్తేటప్పుడే. తాళం మార్చకండి, వెనక్కి ఎంత పోయిందో ముందుకూ కనీసం అంత పోనివ్వండి.

ఎంత ఎత్తాలో గుర్తు పెట్టుకోవడానికి, నాసాలో పనిచేసి తర్వాత గోల్ఫ్ బోధకుడైన డేవ్ పెల్జ్ గడియారం లెక్కను ప్రచారంలోకి తెచ్చారు. మీ ఎదుట నిలబడి చూసేవారికి మీ తల 12, పాదాలు 6 అనుకుంటే, కుడిచేతివాటం వారి ఎడమ చేయి వెనక్కి ఎత్తినప్పుడు ఏడున్నర, తొమ్మిది, పదిన్నర దగ్గర ఆగుతుంది. మూడు వెడ్జ్‌లతో ఇలా తొమ్మిది దూరాలు వస్తాయి. తొమ్మిది దగ్గర ఆపితే నిండు దూరంలో సగమే వస్తుందనుకోకండి. చాలామందికి అంతకంటే ఎక్కువే వస్తుంది. పిడిని కాస్త కిందికి పట్టుకుంటే మరికొంత తగ్గుతుంది.

మీ దూరాలు నేను చెప్పగలిగేవి కావు, వెళ్లి చూసుకోండి. ఒక్కో ఊపుకు పదేసి బంతులు కొట్టి, అవి ఆగిన చోటును కాక మొదట నేలను తాకిన చోటును గజాల్లో రాసుకోండి, ఎందుకంటే ఆ తర్వాతి దొర్లుడు నేల తడిని బట్టి, గడ్డిని బట్టి రోజుకో తీరుగా ఉంటుంది. అన్నిటికంటే దూరం పోయిన ఒక్క బంతిని చూసి మురిసిపోకండి. ఎక్కువ బంతులు ఎక్కడ గుమికూడాయో ఆ దూరమే మీది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య