టెడ్ విలియమ్స్ 0.406 వెనక లెక్క

1941 సెప్టెంబర్ 28, అమెరికాలో ఆ ఏడాది బేస్‌బాల్ సీజన్‌కు ఆఖరి రోజు. ఆ పొద్దున బోస్టన్ రెడ్ సాక్స్ ఆటగాడు టెడ్ విలియమ్స్ బ్యాటింగ్ సగటు 0.39955. ఆయనకప్పుడు 23 ఏళ్లు. ఆ రోజు ఆడకుండా కూర్చున్నా చాలు, ఆ అంకెను 0.400గా సవరించి రికార్డుల్లో రాసేవారు. ఆయన కూర్చోలేదు. ఫిలడెల్ఫియాలో జరిగిన రెండు మ్యాచ్‌లూ ఆడాడు. ఎనిమిది అవకాశాల్లో ఆరు హిట్లు కొట్టి, 0.406తో సీజన్ ముగించాడు. బేస్‌బాల్ చరిత్రలో నాకు ఇంతకంటే ఇష్టమైన రోజు లేదు.

క్రికెట్‌లో సగటు అంటే ఔట్‌కు ఎన్ని పరుగులు అని. బేస్‌బాల్‌లో లెక్క వేరు. బ్యాట్ పట్టిన అవకాశాల్లో ఎన్నో వంతు హిట్లయ్యాయో చూస్తారు. బంతిని కొట్టి, ఔట్ కాకుండా బేస్ అనే మజిలీకి పరుగెత్తి చేరితే అది హిట్. నాలుగు చెడ్డ బంతులు పడి ఊరికే బేస్‌కు నడిచిన సందర్భాలు ఇందులో కలవవు. 0.260 దగ్గర ఉంటే మామూలు ఆటగాడు, 0.300 దాటితే మంచి ఆటగాడు. 0.400ను మాత్రం విలియమ్స్ తర్వాత అక్కడి అగ్రశ్రేణి పోటీలైన మేజర్ లీగుల్లో ఎవరూ అందుకోలేదని దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. జార్జ్ బ్రెట్ 1980లో 0.390 దాకా వచ్చాడు, టోనీ గ్విన్ 1994లో 0.394 దాకా.

సచినా, బ్రాడ్‌మనా అని మనం వాదించుకున్నట్టే అక్కడ ఈ అంకెల మీద వాదనలు తెగవు. పాతవాళ్ల సత్తా ఇప్పటివాళ్లకు లేదని కొందరంటారు. అంకెల్ని పక్కపక్కన పెడితే అలాగే అనిపిస్తుంది కూడా.

అయితే ఏ అంకె విలువైనా ఆ ఏడాదిని బట్టే ఉంటుంది. 1930లో, రెండు మేజర్ లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్ మొత్తం సగటే 0.303. ఆ ఏడాది బిల్ టెర్రీ 0.401 కొట్టాడు. 1968లో రెండోదైన అమెరికన్ లీగ్ సగటు 0.230కి పడిపోయింది. అందులో అందరికంటే పైన నిలిచిన కార్ల్ యస్ట్రెమ్‌స్కీ సగటు 0.301. చూడ్డానికి టెర్రీ వంద పాయింట్లు, అంటే 0.100 ఎక్కువ. కానీ ఒక్కొక్కరి అంకెనూ వాళ్ల లీగ్ సగటుతో భాగించండి. ఇద్దరూ తోటివాళ్ల కంటే 31, 32 శాతం మెరుగు, అంతే. 1968లో బ్యాటర్లంతా ఒక్కసారిగా ఆట మర్చిపోలేదు. అప్పుడు స్ట్రైక్ జోన్, అంటే మంచి బంతిగా లెక్కించే మేర, పెద్దది, బంతి విసిరే పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ 15 అంగుళాల ఎత్తు. మరుసటి ఏడాది దిబ్బను 10 అంగుళాలకు తగ్గించి, స్ట్రైక్ జోన్‌ను కుదించారు. సగటులు మళ్లీ పెరిగాయి.

భాగహారంతోనే పని అయిపోదు. స్టీఫెన్ జే గూల్డ్ అనే పరిణామ శాస్త్రవేత్త నత్తల మీద, శిలాజాల మీద పనిచేసినవాడు. బేస్‌బాల్ అంటే ప్రాణం. 0.400 ఎందుకు మాయమైందో తెలుసుకోవడానికి ఆయన గొప్పవాళ్లనొక్కళ్లనే చూడలేదు, లీగులో అందరినీ చూశాడు. ఒక జీవజాతిని చూసినట్టు. లీగ్ సగటు చాలాకాలం 0.260 చుట్టూనే తిరిగింది. ఎటైనా మరీ ఒరిగితే నిబంధనలు మార్చి సరిచేసేవారు. మారింది ఆటగాళ్ల మధ్య ఉండే ఎడం. పాత రోజుల్లో సగటుకు బాగా కిందా, బాగా పైనా కూడా మనుషులు కనిపించేవారు. శిక్షణ, ఎంపిక, ఫీల్డింగ్, పిచింగ్ మెరుగయ్యేకొద్దీ రెండు కొసలూ మధ్యకు జరిగాయి. మనిషి శరీరానికి ఒక హద్దు ఉంది. గొప్ప ఆటగాడు ఎప్పుడూ ఆ హద్దు దగ్గరే ఉంటాడు. మామూలు ఆటగాడు కూడా అటు జరుగుతూ వస్తే ఇద్దరి మధ్య దూరం తగ్గక తప్పదు. అంటే ఆట బాగుపడింది కాబట్టే 0.400 కనుమరుగైంది!

ఈ ఎడాన్ని కొలిచేదే ప్రామాణిక విచలనం. 1910లలో అది 0.0371, 1940లలో 0.0326, 1970లలో 0.0317. లీగ్ సగటులు వరుసగా 0.266, 0.267, 0.261. ఇప్పుడు 1911లో టై కాబ్ కొట్టిన 0.420, విలియమ్స్ 0.406, బ్రెట్ 0.390 తీసుకుని, సగటుకు ఎన్ని ప్రామాణిక విచలనాల పైన ఉన్నారో చూడండి. కాబ్ 4.15, విలియమ్స్ 4.26, బ్రెట్ 4.07. కాబ్‌కూ బ్రెట్‌కూ మధ్య కనిపించిన 30 పాయింట్ల తేడా దాదాపు కరిగిపోయింది.

నాకు ఈ కొలత నచ్చుతుంది. కానీ అది తోటివాళ్ల నుంచి దూరాన్నే చెబుతుంది, ఆ తోటివాళ్లు ఎవరో చెప్పదు. 1920లో బేబ్ రూత్, మన సిక్సర్ల లాంటి 54 హోమ్ రన్‌లు కొట్టాడు. అమెరికన్ లీగులో రెండో స్థానంలో ఉన్నవాడివి 19. ఆ లీగులో రూత్ జట్టు తప్ప మరే జట్టూ, మొత్తం ఆటగాళ్లంతా కలిసినా, 54 కొట్టలేదు. అంతటి దూరం మరొకరికి సాధ్యమని నేననుకోను. అయినా ఆ రోజుల్లో మేజర్ లీగుల్లో ఉన్నవి 16 జట్లు, నల్లజాతివాళ్లకు ఒక్కదానిలోనూ చోటు లేదు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగేదాకా ఆ తలుపు మూసే ఉంది. అంతకు మూడు నెలల ముందే, 35 ఏళ్లకే జాష్ గిబ్సన్ చనిపోయాడు. నల్లజాతి ఆటగాళ్లకు విడిగా నడిచిన నీగ్రో లీగుల్లో హోమ్ రన్‌లకు ఆయన పెట్టింది పేరు.

ఆ లీగులు కూడా మేజర్ లీగులేనని 2020 డిసెంబర్‌లో ఒప్పుకున్నారు. 2024 మేలో వాటి అంకెల్ని అధికారిక రికార్డుల్లో కలిపారు. దాంతో కెరీర్ సగటులో గిబ్సన్ 0.372తో కాబ్‌ను దాటాడు. ఒక సీజన్ రికార్డు కూడా 1943లో ఆయన కొట్టిన 0.466దే. విలియమ్స్ తర్వాత 0.400 ఎవరూ కొట్టలేదన్న మాట ఇక చెల్లదు. నీగ్రో లీగుల సీజన్‌లు చిన్నవి, మ్యాచ్‌లు తక్కువైనప్పుడు సగటు బాగా పైకో కిందికో పోవడం సహజం. అది నిజమే. కానీ పెద్ద సీజన్ ఆడే అవకాశం గిబ్సన్‌కు ఎవరిచ్చారు?

ఈ విషయం విలియమ్స్‌కు అందరికంటే ముందే అర్థమైందని నాకనిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో మూడు సీజన్‌లు, కొరియా యుద్ధంలో మరో రెండు సీజన్‌లలో చాలా భాగం పోగొట్టుకున్నవాడాయన. 1966లో కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ గొప్పవాళ్లను చేర్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో తనకు గౌరవం దక్కిన రోజు, తన ప్రసంగంలోనే నీగ్రో లీగుల పిచ్చర్ సాచెల్ పేజ్, జాష్ గిబ్సన్‌ల పేర్లెత్తాడు. అవకాశం దొరకనందువల్లే ఇక్కడ లేని గొప్ప నల్లజాతి ఆటగాళ్లకు గుర్తుగా ఆ ఇద్దరినీ ఏదో ఒక రోజు ఇందులో చేర్చాలని కోరాడు. పేజ్‌ను 1971లో చేర్చారు, గిబ్సన్‌ను 1972లో. అప్పటికి గిబ్సన్ పోయి పాతికేళ్లు.